పాత మియాటా కొనేముందు ఎక్కడెక్కడ చూడాలి, కొన్నాక ముందు ఏం చెయ్యాలి

ప్రశ్న క్లుప్తంగా ఇది. డాలస్ పక్కన ప్లేనోలో ఉంటున్నారు. శని ఆదివారాలు తిప్పుకోవడానికి 8,000 డాలర్లలో పాత మాజ్దా మియాటా, అంటే టాప్ తీసి నడిపే రెండు సీట్ల చిన్న కారు, కొనాలని ఉంది. రెండు కార్లు కంటపడ్డాయి. ఒకటి 1992 మోడల్, 1.6 లీటర్ ఇంజిన్, 1,38,000 మైళ్లు తిరిగింది, ఒహాయో నుంచి వచ్చిన బండి, 5,500 అడుగుతున్నారు. రెండోది 2000 మోడల్, 1.8 లీటర్, 82,000 మైళ్లు, మొదట్నుంచీ టెక్సస్‌దే, 7,500 చెబుతున్నారు. ఏది నయం, ఏమేం చూసుకోవాలి, రేపు ఇండియా తిరిగెళ్తే హైదరాబాద్ తీసుకెళ్లొచ్చా?

చివరిదానికి ముందు జవాబు చెప్పేస్తా: ఆ ఆశ పెట్టుకోకండి. ఇండియాలో మూడేళ్లు దాటిన వాడిన కార్ల దిగుమతికి మామూలుగా అనుమతి ఉండదు, స్టీరింగ్ కూడా కుడివైపే ఉండాలి. మాజ్దా అక్కడ ఎప్పుడూ కార్లు అమ్మలేదు కాబట్టి స్పేర్ పార్టులకీ దిక్కుండదు. ఇక్కడే కొని, ఇక్కడే నడిపి, ఇక్కడే అమ్మేసే కారు ఇది.

ఇక అసలు సంగతి. మీరిచ్చిన వివరాల్లో ముందు చూడాల్సింది మైళ్లు కాదు, ఒహాయో. మియాటాలో ఇంజిన్, గేర్‌బాక్స్, బ్రేకులు అన్నీ చవకగా బాగుపడేవే. 1989లో మొదలైన ఈ కారు 2016 ఏప్రిల్ నాటికి పది లక్షలు దాటి తయారైంది, అందుకే పార్టులకి కరువు లేదు. బాగుపడనిది, పడినా కారు ధర కంటే ఎక్కువ తినేది, తుప్పు. ఒహాయోలా చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే ఊళ్లలో పాతికేళ్లు తిరిగిన కారు పైకి ఎంత నిగనిగలాడినా లిఫ్ట్ మీదకి ఎక్కించి అడుగు చూడకుండా డబ్బులివ్వకండి. చుట్టుపక్కల ఏ మెకానిక్ దగ్గరైనా కొనేముందు తనిఖీకి నూరూ నూటయాభై డాలర్లు తీసుకుంటారు. అమ్మేవాళ్లు దానికి ఒప్పుకోకపోతే ఆ బేరం అక్కడే వదిలెయ్యండి.

తుప్పు ఎక్కడ పడుతుందో తెలిస్తే సగం తనిఖీ మీరే చేసుకోవచ్చు. డోరు కింద పొడుగ్గా ఉండే రాకర్ ప్యానెల్ వెనక చివర, అంటే వెనక చక్రానికి సరిగ్గా ముందు జానెడు మేర, చేత్తో గట్టిగా నొక్కి చూడండి. పెయింటు బుడగలు లేచినా, నొక్కితే కరకరలాడినా లోపల రేకు పోయినట్టే. అక్కడ పుట్టీ నింపి రంగు వేసి అమ్మడం మామూలు. చిన్న అయస్కాంతం జేబులో పెట్టుకెళ్లండి. రేకున్న చోట అది గట్టిగా అంటుకుంటుంది, పుట్టీ మీద జారిపోతుంది. రెండోతరం కార్లలో, అంటే 1999 నుంచి 2005 వరకు వచ్చినవాటిలో, ముందు ఛాసిస్ రైళ్లు కూడా చూడాలి. స్టీరింగ్ రాక్ దగ్గర అవి రెండు పొరలుగా ఉంటాయి. నీళ్లు పొరల మధ్య చేరి లోపల్నుంచి తినేస్తాయి, బయటికి కనిపించేసరికి వెల్డింగ్ తప్ప దారి ఉండదు. ఇంగ్లండులో రెండోతరం మియాటాలు ఏటా జరిగే ఎంఓటీ పరీక్షలో తప్పే చోట్లలో ఇదొకటి. టెక్సస్ కారుకి ఆ భయం తక్కువే గానీ ఓసారి టార్చి వేసి చూడటానికి ఖర్చేం లేదు.

రాకర్ ప్యానెల్ అక్కడే ఎందుకు కుళ్లుతుందంటే, కారణం రూఫ్‌లో ఉంది. సాఫ్ట్ టాప్ (మడిచే గుడ్డ రూఫ్) వెనకంచు మీద పడ్డ వాన సీట్ల వెనక ఉన్న ప్లాస్టిక్ కాలువలోకి దిగి, రెండు పక్కలా ఉన్న డ్రెయిన్ ట్యూబుల్లోంచి వెనక చక్రాల ముందు నేలమీదకి పోవాలి. చెట్టు కింద పెట్టిన కారులో ఆకులు, పుప్పొడి, దుమ్ము కలిసి ఆ ట్యూబులకి బిరడా కొట్టేస్తాయి. అప్పుడు నీళ్లు పొంగి రాకర్‌లోకీ, సీట్ల వెనక కార్పెట్‌లోకీ దిగుతాయి. కారు చూసేటప్పుడు సీట్ల వెనక కార్పెట్ కిందికి చెయ్యి పెట్టండి. తడిగా ఉన్నా, ముక్కవాసన వచ్చినా సంగతి అర్థమైపోతుంది. ఇంకో పరీక్ష: సీట్‌బెల్ట్ స్తంభం దగ్గర ఉన్న డ్రెయిన్ రంధ్రంలోకి ఒక గ్లాసు నీళ్లు మెల్లిగా పొయ్యండి. కింద చక్రం ముందు ధారగా కారితే ట్యూబు బాగున్నట్టు. చుక్కచుక్కగా వస్తే మూసుకుపోతోంది. శుభ్రం చెయ్యడానికి మూడడుగుల నైలాన్ బ్రష్షు, అక్వేరియం గొట్టాలు తోమే రకం, సరిపోతుంది. ఇనప తీగ వద్దు, ట్యూబు చిరుగుతుంది. కంప్రెసర్ గాలి పైనుంచి గట్టిగా కొట్టడం అంతకంటే వద్దు. ట్యూబు పైన కాలర్ నుంచి ఊడి లోపల పడిపోతే నీళ్లన్నీ ఇక నేరుగా రాకర్‌లోకే. ఏడాదికి రెండుసార్లు ఈ పని చేస్తే ఈ కారుకి ఉన్న పెద్ద రోగం చాలావరకు రాదు.

తుప్పు లేదని తేలాకే బానెట్ ఎత్తండి. మొదటిచూపు రేడియేటర్ మీద. పైనుండే ప్లాస్టిక్ ట్యాంకు కొత్తప్పుడు నల్లగా ఉంటుంది. వేడికి మగ్గీ మగ్గీ ముదురాకుపచ్చగానో గోధుమరంగుగానో మారుతుంది. ఆ రంగు వచ్చిందంటే ప్లాస్టిక్ పెళుసెక్కింది, డాలస్ ఆగస్టులో ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు పగలడానికి సిద్ధంగా ఉంది. రేడియేటర్ వంద నూటయాభై డాలర్ల వస్తువు. అది పగిలి ఇంజిన్ వేడెక్కిపోతే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైభాగం కింద ఉండే సీలు) ఖర్చు దానికి పదింతలు. అందుకే ఆ రంగు కనిపిస్తే బేరంలోనే తగ్గించుకుని, కొన్న వారంలో మార్చెయ్యండి. గొట్టాలూ, థర్మోస్టాటూ అప్పుడే మార్చాలి. కూలెంట్ మొత్తం ఆరు లీటర్లు పడుతుంది.

1992 కారు గురించి ఒక ఊరట. తొలి 1.6 ఇంజిన్లలో, 1990 నుంచి 1991 మధ్యదాకా వచ్చినవాటిలో, క్రాంక్‌షాఫ్ట్ (ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు) ముందు చివర, అంటే ముక్కు, పొట్టిగా ఉండేది. టైమింగ్ బెల్ట్ (వాల్వుల్ని క్రాంక్‌షాఫ్ట్‌తో కలిపి నడిపే రబ్బరు పట్టీ) మార్చిన మెకానిక్ ఆ ముక్కు మీది బోల్టు సరిగ్గా బిగించకపోతే లోపలి కీ, దాని గాడి అరిగిపోయి పుల్లీ ఊగడం మొదలవుతుంది, టైమింగ్ జారిపోతుంది, చివరికి క్రాంక్‌షాఫ్టే పోతుంది. గుర్తుపట్టడం తేలిక. ముందు నుంచి పుల్లీ మధ్యన చూస్తే పొట్టి ముక్కుకి నాలుగు గాళ్లు, పొడుగు ముక్కుకి ఎనిమిది కనిపిస్తాయి. 1992లో ఎనిమిదే ఉండాలి. నాలుగుంటే ఎవరో పాత ఇంజిన్ తెచ్చి వేశారన్నమాట. ఏ ముక్కైనా సరే, ఇంజిన్ ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) ఉన్నప్పుడు పుల్లీ కళ్లకి ఊగుతూ కనబడకూడదు.

2000 కారుకి వేరే జబ్బుంది. 1999, 2000 ఇంజిన్లు కొన్నిటిలో క్రాంక్ థ్రస్ట్ బేరింగ్ (క్రాంక్‌షాఫ్ట్ ముందుకీ వెనక్కీ జరక్కుండా పట్టి ఉంచేది) ముందుగానే అరిగిపోయింది. ఇంజిన్ ఆపేసి, ఒకరు క్లచ్ తొక్కుతూ వదులుతూ ఉంటే మీరు ముందు నుంచి క్రాంక్ పుల్లీ చూడండి. అది కంటికి తెలిసేంతగా ముందుకీ వెనక్కీ జరిగితే ఆ కారు వద్దు. ఇంజిన్ నడుస్తుండగా క్లచ్ నొక్కినప్పుడు ఆర్‌పీఎం పడిపోయినా అనుమానించాల్సిందే. ఈ ఒక్క పరీక్షకి నిమిషం పట్టదు, తప్పితే మాత్రం ఇంజిన్ దింపాల్సిందే.

టైమింగ్ బెల్ట్ అరవై వేల మైళ్లకోసారి మార్చాలి. మైళ్లు తిరక్కపోయినా రబ్బరు వయసుతో పాడవుతుంది కాబట్టి ఎప్పుడు మార్చారో రశీదు అడగండి. రశీదు లేదంటే మార్చలేదనే లెక్క వేసుకోండి. 82,000 మైళ్ల కారుకి ఒకసారైనా మార్చి ఉండాలి. ఈ రెండు ఇంజిన్లూ బెల్ట్ తెగితే వాల్వులు వంగే రకం కాదు, కారు ఆగిపోతుందంతే. కానీ బెల్ట్ మార్చేటప్పుడు వాటర్ పంపు, టెన్షనర్, ఐడ్లర్, ముందు క్రాంక్ సీలు, రెండు క్యామ్ సీళ్లు కూడా అప్పుడే మార్చకపోతే ఆర్నెల్లకి మళ్లీ అదంతా విప్పాలి. పొడుగు ముక్కు క్రాంక్ బోల్టుకి టార్క్ 116 నుంచి 123 ఫుట్ పౌండ్లు. ఊహతో బిగించే బోల్టు కాదది. టార్క్ రెంచ్ లేని చోట ఈ పని చేయించకండి.

ఆయిల్ లీకు విషయంలో జనం అనవసరంగా డబ్బు తగలేసే చోటొకటుంది. మొదటితరం కార్లలో, అంటే మీ 1992 లాంటివాటిలో, సిలిండర్ హెడ్ వెనకాల, ఫైర్‌వాల్ పక్కన క్యామ్ యాంగిల్ సెన్సర్ ఉంటుంది. దానికుండే చిన్న ఓ-రింగ్ ఏళ్లకి గట్టిపడి ఆయిల్ వదులుతుంది. ఆ ఆయిల్ ఇంజిన్ వెనక నుంచి జారి క్లచ్ హౌసింగ్ కింద బొట్టుకడుతుంది. కిందనుంచి చూసిన మెకానిక్ రియర్ మెయిన్ సీల్ (క్రాంక్‌షాఫ్ట్ వెనక చివర సీలు) పోయింది, గేర్‌బాక్స్ దింపాలి అంటాడు. ఒప్పుకోకండి. ముందు డీగ్రీజర్‌తో వెనకవైపంతా కడిగించి, వంద మైళ్లు తిప్పి, టార్చి వేసి పైనుంచి చూడండి. సెన్సర్ కిందే తడి మొదలైతే అయిదు డాలర్ల ఓ-రింగ్‌తో పోతుంది. విప్పేముందు సెన్సర్ ఒంటి మీద, హెడ్ మీద కలిపి ఒక గీత గియ్యండి, మళ్లీ అదే స్థానంలో బిగించడానికి. తర్వాత బానెట్ కింద ఉన్న డయాగ్నస్టిక్ బాక్సులో TEN, GND అని రాసున్న పిన్నులు రెంటినీ చిన్న తీగతో కలిపి, 850 ఆర్‌పీఎం ఐడిల్‌లో టైమింగ్ లైట్‌తో చూస్తే పది డిగ్రీలు రావాలి. తీగ కలపకుండా చూస్తే కంప్యూటర్ టైమింగ్‌ని అటూ ఇటూ జరుపుతూనే ఉంటుంది, ఆ అంకెకి విలువ లేదు. వాల్వ్ కవర్ గ్యాస్కెట్ కూడా కారే రకమే. దాని బోల్టులు చిన్నవి, ఇంచ్ పౌండ్లలో బిగించాలి, ఫుట్ పౌండ్లలో బిగిస్తే హెడ్‌లో మరలు ఊడొస్తాయి.

1992 కారు చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే టిక్ టిక్ మని శబ్దం వస్తుంది. హైడ్రాలిక్ లిఫ్టర్ల (ఆయిల్ ప్రెషర్‌తో సర్దుకుంటూ వాల్వుల్ని నొక్కే భాగాలు) చప్పుడది. రెండు మూడు నిమిషాల్లో తగ్గిపోతే భయం లేదు, మంచి ఆయిల్‌తో రెండు మార్పిళ్లలో చాలావరకు సర్దుకుంటుంది. 1999 నుంచి లిఫ్టర్లు గట్టి (సాలిడ్) రకం వేశారు కాబట్టి 2000 కారులో అలాంటి శబ్దం రాకూడదు. ఇంకొకటి: ఆయిల్ ప్రెషర్ మీటర్ 1994 దాకా నిజమైనది, రేసిస్తే ముల్లు లేస్తుంది, ఐడిల్‌లో దిగుతుంది. 1995 నుంచి ప్రెషర్ కాస్త ఉంటే చాలు, ముల్లు మధ్యలో నిలబడిపోతుంది. 1992 కారులో ముల్లు ఊగుతోందని కంగారు పడొద్దు, 2000 కారులో కదలట్లేదని ధీమా పడొద్దు.

క్లచ్ సంగతి. ఇండియాలో మాన్యువల్ నడిపినవారు కాబట్టి గేర్లు నేర్చుకోనక్కర్లేదు, కుడిచేత్తో వేయడం ఒక పూటలో అలవాటవుతుంది. కాకపోతే పెడల్ మీద కాలు ఆనించి ఉంచే అలవాటుంటే మానుకోండి. మియాటాలో పెడల్ ఒక్కసారిగా నేలకి దిగిపోయి గేరు పడకపోతే తొంభై శాతం క్లచ్ ప్లేటు కాదు, గేర్‌బాక్స్ పక్కన రెండు 12 మిల్లీమీటర్ బోల్టులతో ఉండే స్లేవ్ సిలిండర్, అంటే పెడల్ ఒత్తిడిని ద్రవంతో క్లచ్‌కి అందించేది. దాని రబ్బరు తొడుగు వెనక్కి లాగి చూస్తే లోపల తడి కనిపిస్తుంది. పైన మాస్టర్ సిలిండర్ కూడా అదే వయసుది, కాబట్టి రెండూ ఒకేసారి మార్చండి. ఒకటి కొత్తదై ప్రెషర్ పెరిగితే రెండోది నెలల్లో కారుతుంది. డాట్ 3 ద్రవం వాడి గాలి పోయేదాకా బ్లీడ్ చెయ్యాలి. స్లేవ్ విప్పి పక్కన పెట్టినప్పుడు ఎవరూ పెడల్ తొక్కకుండా చూసుకోండి, పిస్టన్ బయటికి దూకేస్తుంది. క్లచ్ డబ్బాలో ద్రవం నల్లగా సిరాలా ఉంటే రబ్బరు కరుగుతోందని అర్థం. కారు చూడ్డానికి వెళ్లినప్పుడే ఆ మూత తీసి చూడండి.

గేరు రాడ్డు చుట్టూ వేడి, గేర్ ఆయిల్ వాసన వస్తున్నాయా? లోపలి రబ్బరు తొడుగులు (బూట్లు) చిరిగాయి. డాలస్ ఎండల్లో ఇది చిన్న విషయం కాదు, కాలి చీలమండ కాలిపోయేంత వేడి లోపలికొస్తుంది. బూట్లు రెండుంటాయి, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. రాడ్డు అడుగున తెల్లటి నైలాన్ బుష్ ఒకటి. మూడూ కలిపి యాభై అరవై డాలర్లు. న్యూట్రల్‌లో పెట్టి, నాబ్ తిప్పి తీసి, కన్సోల్ ఎత్తాక పెద్ద బూటుకి నాలుగు, రాడ్డుకి మూడు 10 మిల్లీమీటర్ బోల్టులు. రాడ్డు పైకి లాగితే కింద చిన్న గుంటలాంటి చోటు కనబడుతుంది. దాని ఆయిల్ గేర్‌బాక్స్ ఆయిల్‌తో కలవదు, విడిగా ఉంటుంది. అందుకే గేర్‌బాక్స్ ఆయిల్ ఎన్నిసార్లు మార్చినా ఇక్కడ పాతదే మిగులుతుంది, లేదా ఎండిపోయి ఉంటుంది. సిరంజితో పాతది లాగేసి కొత్త గేర్ ఆయిల్ 80, 90 మిల్లీలీటర్లు పొయ్యండి. గేర్లు వేసేటప్పుడు చేతికి తెలిసే తేడా అంతా ఇంత కాదు. ఈ కారుకి పెట్టే డబ్బులో దీనంత సంతోషమిచ్చే పని ఇంకొకటి లేదని నా అభిప్రాయం.

గేర్‌బాక్స్‌కి 75డబ్ల్యూ-90 జీఎల్-4 ఆయిల్ రెండు లీటర్లు, వెనక డిఫరెన్షియల్‌కి జీఎల్-5 ఒక లీటరు తెచ్చుకుంటే చాలు. ఏదైనా సరే ముందు పక్కనుండే నింపే బిరడా ఊడుతుందో లేదో చూసుకున్నాకే కింది డ్రెయిన్ బిరడా విప్పండి. ఆయిలంతా వదిలేశాక పై బిరడా బిగుసుకుపోయి రాకపోతే కారు కదపలేరు. చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు గరగరమనడం ఈ కార్లకి మామూలే. వేడెక్కాక కూడా గరగరమంటే మాత్రం సింక్రోనైజర్ (గేరు పడేముందు వేగాలు కలిపే భాగం) అరిగింది.

వెనక బ్రేకు ప్యాడ్లు మార్చేటప్పుడు కొత్తవాళ్లు కాలిపర్ పాడుచేసుకుంటారు. మామూలు కార్లలో లాగా సీ-క్లాంపు పెట్టి పిస్టన్‌ని వెనక్కి నొక్కకూడదు. హ్యాండ్‌బ్రేక్ ఏర్పాటు లోపల ఉండటంవల్ల అది నొక్కుకి లొంగదు. కాలిపర్ వెనక 14 మిల్లీమీటర్ తలతో ఒక బిరడా బోల్టు ఉంటుంది. అది తీస్తే లోపల 4 మిల్లీమీటర్ ఆలెన్ కీ పట్టే మర. దాన్ని ఎడమవైపుకి, అంటే గడియారం ముల్లుకి ఎదురుగా తిప్పితే పిస్టన్ వెనక్కి వెళ్తుంది. కొత్త ప్యాడ్లు వేశాక కుడివైపుకి తిప్పుతూ డిస్కుని ప్యాడ్లు పట్టేదాకా బిగించి, అక్కడినుంచి మూడోవంతు చుట్టు వెనక్కి తిప్పండి. బిరడా బిగించి పెడల్ పదిసార్లు తొక్కండి. హ్యాండ్‌బ్రేక్ సరిగ్గా పట్టట్లేదని కేబుల్ బిగించేవాళ్లున్నారు. నూటికి తొంభైసార్లు సరిచేయాల్సింది ఈ మరనే. కాలిపర్ జారే పిన్నులకి సిలికాన్ గ్రీజు మరవకండి, ఎండిన పిన్నువల్లే ఒక పక్క ప్యాడ్ ముందు అరిగిపోతుంది.

బ్యాటరీ డిక్కీలో కుడివైపు ఉంటుంది. ఇది చాలామందికి తెలీక దగ్గరి షాపులో దొరికిన మామూలు బ్యాటరీ పెట్టేస్తారు. దాన్నుంచి వచ్చే ఆవిరి డిక్కీ అడుగు రేకుని తినేస్తుంది. ఏజీఎం రకం (లోపలి ద్రవం ఒలకని బ్యాటరీ) కొని, దానికున్న వెంట్ గొట్టాలు కారు అడుగునుంచి బయటికి పోయేలా తగిలించాలి. కొనేముందు డిక్కీలో కార్పెట్ ఎత్తి బ్యాటరీ చుట్టూ తెల్లటి పొడి, తుప్పు మరకలు చూడండి.

ఏసీ మాటకొద్దాం, ప్లేనోలో ఉంటూ ఇది పట్టించుకోకపోతే కారు మే నుంచి సెప్టెంబరు దాకా గరాజ్‌లోనే ఉంటుంది. టాప్ తీసి నడపడం ఇక్కడ మార్చి, ఏప్రిల్, అక్టోబరు, నవంబరుల సుఖం. ఎండాకాలం టాప్ మూసి, ఏసీ వేసి వెళ్లాల్సిందే. 1993 దాకా వచ్చిన కార్లలో ఆర్-12 గ్యాసు, 1994 నుంచి ఆర్-134ఏ. ఆర్-12 ఇప్పుడు తయారు కాదు. పాతదాన్ని ఆర్-134ఏకి మార్చుకోవచ్చు గానీ ఓ-రింగులు, డ్రయర్ మార్చి, ఆయిల్ సరైనది వేసి, వాక్యూమ్ చేయించకుండా ఊరికే గ్యాసు నింపితే కంప్రెసర్ పోతుంది. అమ్మేవాళ్లు "గ్యాసు పెట్టిస్తే చాలు" అన్నారంటే అక్కడ లీకుందని ధరలో తగ్గించుకోండి.

సాఫ్ట్ టాప్‌లో రెండు కార్లకీ పెద్ద తేడా. 1992లో వెనక కిటికీ ప్లాస్టిక్‌ది, జిప్పుతో ఉంటుంది. టాప్ దించేముందు జిప్పు విప్పి, కిటికీని వెనక అర మీద చదునుగా పరిచి, పైన మెత్తటి తువాలు కప్పి, అప్పుడు పైనుండే రెండు లాచీలు తీసి మడవాలి. జిప్పు విప్పకుండా మడిస్తే మడతపడ్డ చోట పగులుతుంది. బాగా చలిగా ఉన్నప్పుడు దించనే వద్దు. అమోనియా ఉన్న అద్దాల క్లీనరు ఆ ప్లాస్టిక్‌ని మసకబార్చేస్తుంది, ప్లాస్టిక్ పాలిష్ మాత్రమే వాడాలి. 2000 కారుకి గాజు కిటికీ, వేడి తీగలతో సహా. దాంట్లో గాజు పైఅంచు గుడ్డనుంచి ఊడుతోందేమో చూడండి. టాప్ మొత్తం మార్చాలంటే పార్టు, కూలి కలిపి వెయ్యి డాలర్లు అటూ ఇటూ. అప్పుడు వెనక వాన కాలువ ప్లాస్టిక్ కూడా కొత్తది వెయ్యమనండి. పాతికేళ్ల ప్లాస్టిక్ విప్పేటప్పుడే ముక్కలవుతుంది, అతికి పెడితే మళ్లీ నీళ్లు రాకర్‌లోకే. గాజు కిటికీ ఉన్న తర్వాతి తరం టాప్ 1992 కారుకీ సరిపోతుంది. బ్రష్షులు తిరిగే ఆటోమేటిక్ కార్ వాష్‌కి ఏ టాప్‌నీ తీసుకెళ్లకండి. పార్కింగ్‌లో వదిలినప్పుడు లోపల బ్యాగు కనబడనివ్వకండి, దొంగకి తాళం కంటే గుడ్డ కోయడం తేలిక.

భద్రత గురించి మొహమాటం లేకుండా ఒక మాట. 1992 కారులో ఎయిర్‌బ్యాగ్ డ్రైవర్‌కి ఒక్కరికే. పక్కసీటుకి 1994 నుంచి వచ్చింది. మీ ఆవిడ కూడా ఎక్కే కారైతే ఇదొక్కటే 2000 వైపు మొగ్గడానికి చాలు. పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకోవడానికి వెనక సీటే లేదు. ఫైవ్ స్పీడ్ గేర్‌బాక్స్‌తో 70 మైళ్ల వేగంలో ఇంజిన్ సుమారు 3,700 ఆర్‌పీఎంలో ఉంటుంది. పక్కన పద్దెనిమిది చక్రాల లారీ డ్రైవర్‌కి మీరు కనబడరు. రోజూ టాల్‌వే (టోల్ కట్టే హైవే) మీద ఆఫీసుకి వెళ్లే కారు కాదిది.

టైర్లు ఎంత గాడి ఉన్నా వయసు చూడండి. పక్కగోడ మీద డాట్ అంకెల్లో చివరి నాలుగు 2315 అంటే 2015లో 23వ వారం. ఆరేడేళ్లు దాటితే మార్చడమే. గాలి 26 పీఎస్‌ఐ చాలు. పెద్ద కార్ల లెక్కలో 35 కొట్టిస్తే ఈ తేలిక బండి ప్రతి గుంటకీ ఎగిరిపడుతుంది. టైరు షాపువాళ్లకి ఇంకొకటి ముందే చెప్పండి: గేర్‌బాక్స్ నుంచి డిఫరెన్షియల్ దాకా ఉండే పొడుగాటి అల్యూమినియం దూలం కింద జాకీ పెట్టకూడదు. ముందు క్రాస్‌మెంబర్ కింద, వెనక డిఫరెన్షియల్ కింద పెట్టొచ్చు.

ఇక ఏది కొనాలి? నా ఓటు 2000కే. గాజు కిటికీ, రెండు ఎయిర్‌బ్యాగులు, దొరికే గ్యాసుతో ఏసీ, ఉప్పు తగలని అడుగు. పైకి లేచే హెడ్‌లైట్ల అందం మీద మనసుంటే 1992 గాని, లేకపోతే దానికి ఇంకో కారణం లేదు. అదీ లిఫ్ట్ మీద రాకర్లు శుభ్రంగా ఉంటేనే. అయితే 7,500 ఇస్తే మీ దగ్గర మిగిలేది 500, అది చాలదు. బెల్ట్, రేడియేటర్, ద్రవాలు, టైర్లు, బ్యాటరీ అన్నీ మొదటి మూడు నెలల్లో చేయించుకోవాల్సి వస్తే రెండు వేలు సునాయాసంగా అవుతాయి. బెల్ట్ రశీదు లేదనో, రేడియేటర్ రంగు మారిందనో చూపించి 6,000కి దించండి, లేదా బడ్జెట్ పెంచుకోండి. ఆ మొదటి ఖర్చు దాటాక, చిన్న పనులు సొంతంగా చేసుకుంటే ఇన్సూరెన్స్ కాక నెలకి యాభై, డెబ్భై డాలర్లు పక్కన పెడితే సరిపోతుంది. ఇంట్లో రోజువారీ కారు వేరే ఉండి, గరాజ్ ఉంటే కలెక్టర్ పాలసీ (అపురూపంగా దాచుకునే పాత కార్లకిచ్చే ఇన్సూరెన్స్) అడగండి, ముందే ఒప్పుకున్న విలువ చెల్లిస్తారు, ప్రీమియం కూడా తక్కువ.

కాగితాలు. చేతికి టైటిల్ (కారు యాజమాన్య పత్రం) రాకుండా డబ్బివ్వకండి, దానిమీద సాల్వేజ్ (బాగా దెబ్బతిన్నది), రీబిల్ట్ (అలా దెబ్బతిని బాగుచేసినది) అన్న ముద్రలున్నాయేమో చూడండి. ఎన్‌ఐసీబీ (ఇన్సూరెన్స్ మోసాలు పట్టే సంస్థ) వెబ్‌సైట్‌లో విన్ నంబరు (కారు గుర్తింపు సంఖ్య) కొడితే దొంగతనం, సాల్వేజ్ రికార్డు ఉచితంగా తెలుస్తుంది. హ్యూస్టన్ వైపు నుంచి వచ్చిన కారైతే వరదలో మునిగిందేమో అని సీట్ల కింద పట్టాలు, వైర్ల కనెక్టర్లు చూడండి. టైటిల్ మార్పిడికి వాడే 130-యూ ఫారం మీద ఇద్దరి సంతకాలూ పెట్టి, వీలైతే అమ్మినవారితో కలిసే కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకి వెళ్లండి. పన్ను 6.25 శాతం. టెక్సస్‌లో 2025 జనవరి నుంచి మామూలు కార్లకి సేఫ్టీ తనిఖీ తీసేశారు. ప్లేనో ఉన్న కాలిన్ కౌంటీలో పొగ పరీక్ష ఇంకా ఉంది గానీ 24 ఏళ్లు దాటిన కార్లకి అది కూడా అక్కర్లేదు, కాబట్టి రెండిట్లో ఏది కొన్నా ఆ తలనొప్పి లేదు.

2000 కారు చూడ్డానికి వెళ్లినప్పుడు రాకర్ వెనక చివరలు, రేడియేటర్ పైభాగం, క్లచ్ డబ్బాలో ద్రవం, ఈ మూడింటి ఫొటోలూ, క్లచ్ తొక్కుతున్నప్పుడు క్రాంక్ పుల్లీ వీడియో ఒకటీ తీసి ఇక్కడ పెట్టండి. ఎంత తగ్గించి అడగాలో చూసి చెప్పొచ్చు.